లైబ్రేరియన్ పోస్టు ఎందుకని అడుగుతున్నారు. పది నిమిషాల్లో ఏం చెప్పాలి?

అట్టల_అమ్మాయి:

అందరికీ నమస్కారం. నేనొక హైస్కూల్లో లైబ్రేరియన్‌ని. లైబ్రరీ సైన్స్ చదివి, ఇష్టపడి ఈ పనిలోకి వచ్చాను. మొదట్లో ప్రతి సెక్షన్‌కీ వారానికో లైబ్రరీ పీరియడ్ ఉండేది. టైంటేబుల్ కాగితం మీద ఇప్పటికీ ఉంది. కానీ ఏ టీచర్ సెలవు పెట్టినా ఆ క్లాసుకి నన్నే పంపుతారు, లైబ్రరీకి తాళం పడుతుంది. పరీక్షలు దగ్గరపడ్డాయంటే ఆ ఉన్న పీరియడ్ కూడా లెక్కలకో సైన్సుకో పోతుంది.

ఈమధ్య కొత్త మాట మొదలైంది. "పిల్లలు ఎలాగూ లైబ్రరీకి రావట్లేదు, కావాల్సిందంతా నెట్‌లో దొరుకుతోంది, బీరువా తాళాలు ఏ టీచర్ దగ్గరున్నా సరిపోతుంది కదా" అని. తాళం వేయించేదీ వాళ్లే, పిల్లలు రావట్లేదనేదీ వాళ్లే! లోపల మండిపోయింది గానీ అక్కడేమీ అనలేదు. ప్రిన్సిపాల్ చెడ్డమనిషేమీ కాదు, చెప్తే వింటారు. వచ్చే వారం స్టాఫ్ సర్దుబాటు గురించి మాట్లాడదాం రమ్మన్నారు. పది నిమిషాలు దొరుకుతుందేమో.

చెప్పడానికి కొన్ని పాయింట్లు రాసుకున్నాను. చదివితే భాష బాగుపడుతుంది, ఊహాశక్తి పెరుగుతుంది, పుస్తకం మంచి నేస్తం... మళ్లీ చదువుకుంటే నాకే ఆవలింత వచ్చింది. ఇష్యూ రిజిస్టర్ చూపిద్దామంటే తాళం పడ్డ నెలల్లో అంకెలు పడిపోయాయి, అవి నాకే ఎదురు తిరుగుతాయి. ఇలాంటి మీటింగుల్లో కూర్చున్నవాళ్లు, బల్లకి ఇటైనా అటైనా, ఎవరైనా ఉంటే చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది.

మాజీ_హెచ్చెం:

అటు కూర్చున్నవాళ్లని కూడా పిలిచారు కాబట్టి రాస్తున్నానమ్మా. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాను. అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో ముందు చెప్తాను.

పొద్దున్న గేటు దాటేసరికే ఫోన్లో రెండు మెసేజ్‌లు ఉంటాయి, ఇద్దరు టీచర్లు రావట్లేదని. మొదటి బెల్లు కొట్టేలోపు ఆ క్లాసుల్లో పెద్దవాళ్లెవరో ఒకరు నిలబడాలి. పట్టిక తీసి చూస్తే అందరి పేర్ల ఎదురుగా ఏదో ఒక క్లాసు ఉంటుంది, లైబ్రేరియన్ పేరు ఎదురుగా మాత్రం ఖాళీ. అంతే, ఆ పేరు రాసేస్తాం. దాంట్లో లైబ్రరీ మీద పగా లేదు, ఆలోచనా లేదు. ఖాళీ గడి కనిపించింది, నింపేశాం. మీ అసలు సమస్య ఆ ఖాళీ గడే. మీ పని ఆ పట్టికలో ఎక్కడా రాసి లేదు.

గ్యారీ హార్ట్‌జెల్ అని అమెరికాలో ఒకాయన స్కూల్ అడ్మినిస్ట్రేటర్‌గా చేసి, తర్వాత యూనివర్సిటీలో ఆ సబ్జెక్టే చెప్పాడు. ప్రిన్సిపాళ్లు లైబ్రేరియన్‌ని ఎందుకు తక్కువగా చూస్తారో 2002లో ఒక వ్యాసంలో విడమర్చాడు. ఆయన చెప్పినవి నాకు అచ్చంగా వర్తించాయి. మాకు లైబ్రరీ అంటే మా చిన్నప్పటిదే గుర్తు, "ష్, మాట్లాడకు" అనే గది. హెడ్‌మాస్టర్ల ట్రైనింగ్‌లో ఎవరూ మాకు లైబ్రరీ గురించి చెప్పరు. పైగా లైబ్రేరియన్ చేసిన పని వేరేవాళ్ల పనిలో కలిసిపోతుంది. సోషల్ మేడమ్ పాఠం బ్రహ్మాండంగా వచ్చిందంటే ఆమెని మెచ్చుకుంటాం. ముందురోజు సాయంత్రం ఆమె కోసం మూడు అట్లాసులూ ఒక యాత్రా కథనమూ వెతికి, పేజీల్లో చీటీలు పెట్టి ఉంచింది ఎవరో మాకెలా తెలుస్తుంది? ఇంకొకటి, లైబ్రేరియన్లు ఏం రాసినా లైబ్రేరియన్ల పత్రికల్లోనే రాసుకుంటారు. మేం అవి చదవం.

కాబట్టి చదువు గొప్పదనం గురించి ఆయనకి చెప్పకండి. ఆయన కాదనడు, తలూపుతాడు, ఫైలు మూసేస్తాడు. ఆయనకి నిద్ర పట్టనివ్వని విషయం ఒకటి పట్టుకోండి. ప్రాజెక్టులన్నీ ఒకే పేజీ నుంచి కాపీ కొట్టడం కావచ్చు, పేరెంట్స్ ఫిర్యాదులు కావచ్చు, కింది తరగతుల్లో చదవడం రాని పిల్లలు కావచ్చు. ఒకటే. రెండోది వద్దు, పది నిమిషాలు చాలవు.

సబ్‌స్టిట్యూషన్ మాట విడిగా చెప్పాలి. "నన్ను పంపకండి" అని అడక్కండి. అలా అంటే "మరి ఆ క్లాసు సంగతేంటి?" అంటాడు, మీ దగ్గర జవాబుండదు. మీరు క్లాసు దగ్గరికి వెళ్లడం బదులు ఆ క్లాసునే లైబ్రరీకి పంపమనండి. పెద్దమనిషి ఉండాలన్న ఆయన అవసరం తీరుతుంది, తాళం పడదు, పిల్లలు పుస్తకాల మధ్యే కూర్చుంటారు. నేను ఆ కుర్చీలో ఉండగా ఒక లైబ్రేరియన్ ఈ మాట అడిగింది, అదే రోజు ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోవడానికి నాకు కారణమేమీ దొరకలేదు.

కేటలాగ్_కార్డు:

నేనూ లైబ్రేరియన్నే మేడమ్. సార్ చెప్పిన "ఒకటే పట్టుకోండి" దగ్గర నా ఓటు కాపీ ప్రాజెక్టులకి. ఎందుకంటే ఇప్పుడది కాపీని దాటి పోయింది.

మా దగ్గర జరిగింది చెప్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయొకతె నేల కోత మీద ప్రాజెక్టుకి ఐదు పుస్తకాల పేర్లు రాసుకొచ్చింది. రచయితల పేర్లు, ప్రచురణ సంవత్సరాలు, ఐఎస్‌బీఎన్ నంబర్లు (ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య), అన్నీ ఉన్నాయి. చాట్‌బాట్ ఇచ్చిందట. నేను మా కేటలాగులో చూశాను, లేవు. పెద్ద లైబ్రరీల ఆన్‌లైన్ కేటలాగుల్లో చూశాను. రెండు దొరికాయి. మిగతా మూడూ ఎక్కడా లేవు, ఎందుకంటే అవి పుట్టనే లేదు. ఒకదాని రచయిత మాత్రం నిజమైన మనిషే, నేల శాస్త్రవేత్తే, ఆ పుస్తకం మాత్రం ఆయన రాయలేదు. ఆ అమ్మాయి ముఖం చూడాలి! "మరి పేజీ నంబర్ కూడా ఇచ్చింది కదా మేడమ్" అంటుంది.

కూర్చోబెట్టి ఐఎస్‌బీఎన్ ఎలా సరిచూడాలో చూపించాను. 2007 నుంచి అది 13 అంకెలు. ఎడమ నుంచి ఒక అంకెని ఒకటితో, పక్కదాన్ని మూడుతో, మళ్లీ ఒకటితో, మళ్లీ మూడుతో హెచ్చించి కూడుతూ పోతే మొత్తం పదితో నిశ్శేషంగా భాగించబడాలి. 978-0-306-40615-7 తీసుకోండి, మొత్తం సరిగ్గా 100 వస్తుంది. ఆ అమ్మాయి జాబితాలో ఒక నంబర్‌కి 83 వచ్చింది. అప్పుడు నమ్మింది. మర్నాడు నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని వాళ్ల జాబితాలు కూడా తీసుకొచ్చింది.

ఇలాంటిది ఒక్కటి మీ దగ్గరుంటే దాన్నే తీసుకెళ్లండి. అసలు కాగితం తీసుకెళ్లండి, పిల్ల పేరు కనబడకుండా మడిచి. పక్కనే మీరు సరిచూసిన తర్వాతి జాబితా పెట్టండి. ప్రిన్సిపాల్ చదవక్కర్లేదు, చూస్తే చాలు.

రిజిస్టర్ గురించి: మొత్తం అంకె చూపించకండి. లైబ్రరీ తెరిచి ఉన్న రోజుకి ఎన్ని పుస్తకాలు వెళ్లాయో లెక్కకట్టండి. తాళం నెలల్లో మొత్తం పడిపోయినా, తెరిచిన రోజుల సగటు పడిపోలేదని తేలొచ్చు. అలా తేలితే వాదన మీరు చేయక్కర్లేదు, కాగితమే చేస్తుంది. సగటు కూడా పడిపోయి ఉంటే మాత్రం ఆ కాగితం ఇంట్లోనే ఉంచండి.

లెక్కల_సార్:

అందరూ ఒకే పక్షాన మాట్లాడుతున్నారు కాబట్టి అటుపక్క మాట నేనంటాను, ఏమీ అనుకోవద్దు. మా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నేనూ ఉన్నాను. లైబ్రరీ బాగున్న స్కూళ్లలో మార్కులు ఎక్కువ అని ఎవరో ఒకరు రిపోర్టు పట్టుకొస్తారు. డబ్బున్న స్కూల్‌కి లైబ్రరీ ఉంటుంది, మార్కులూ ఉంటాయి. ఒకదాని వల్ల ఒకటి అని ఎలా చెప్తారు? రెండోది, కేటలాగ్_కార్డు గారు చెప్పిన పని ఇంగ్లిష్ టీచరో కంప్యూటర్ టీచరో చేయలేరా? పైగా ఇప్పటి పిల్లలు ఫోన్ చేతిలో పట్టుకునే పుట్టారు, నెట్ వాడకం మనమే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

అయితే ఆ ఐఎస్‌బీఎన్ లెక్క మాత్రం నాకు భలే నచ్చింది. ఇంకొంచెం కలుపుతాను: ఏ ఒక్క అంకె తప్పుపడినా ఆ పద్ధతి పట్టేస్తుంది. కానీ పక్కపక్క అంకెలు రెండూ తారుమారైతే, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయినప్పుడు పట్టుకోలేదు. ఎందుకో ఎనిమిదో తరగతికి హోంవర్క్‌గా ఇవ్వొచ్చు. ఇంకో సంగతి, నంబర్ సరిపోయినంత మాత్రాన పుస్తకం ఉన్నట్టు కాదు.

మాజీ_హెచ్చెం:

సార్, మీ మొదటి ప్రశ్న న్యాయమైనదే. ఇలాంటివాటిలో అందరూ ఎత్తిచూపేది కీత్ కర్రీ లాన్స్ బృందం అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో చేసి 1993లో ప్రచురించిన అధ్యయనం. మీరన్న డబ్బు సంగతి వాళ్లూ ఊహించారు. ఆ ప్రాంతాల పేదరికం, పెద్దల చదువు లాంటివి లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా లైబ్రరీకి సిబ్బందీ పుస్తకాలూ బాగున్నచోట చదివే స్కోర్లు మెరుగ్గానే ఉన్నాయని తేల్చారు. తర్వాత చాలా రాష్ట్రాల్లో అలాంటివే చేశారు. అయినా అది సంబంధమే గానీ కారణానికి రుజువు కాదని మీరంటే నేను కాదనను. అందుకే అమ్మాయికి నా సలహా, "లైబ్రేరియన్ ఉంటే మార్కులు పెరుగుతాయి" అని నోరు జారొద్దు. మీలాంటివాళ్లు ఆ కమిటీలో ఒక్కరున్నా అక్కడే పట్టేస్తారు, ఇక మిగతా మాటలు ఎవరూ వినరు.

పిల్లలకి నెట్ అంతా తెలుసు అన్నది మాత్రం ఒప్పుకోను. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చరిత్ర బోధన మీద పనిచేసే బృందం 2016లో ఒక నివేదిక ఇచ్చింది. 7,804 జవాబులు చూశారు. మిడిల్ స్కూల్ పిల్లల్లో 80 శాతం పైగా, "స్పాన్సర్డ్ కంటెంట్" అని ముద్ర వేసి ఉన్న ప్రకటనని నిజం వార్తే అనుకున్నారు. ముద్ర కళ్లెదుటే ఉంది! ఫోన్ తిప్పడం వేరు, అందులో ఉన్నది నమ్మాలా వద్దా తేల్చుకోవడం వేరు.

దాని తర్వాత అదే యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో చేసింది ఇంకా బాగుంటుంది. చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లు పదిమంది, వార్తల్లో నిజానిజాలు తేల్చే వృత్తిలో ఉన్నవాళ్లు పదిమంది, డిగ్రీ విద్యార్థులు పాతికమంది, అందరికీ అవే వెబ్‌సైట్లు ఇచ్చి చూశారు. చరిత్రకారులూ విద్యార్థులూ ఆ సైట్ లోపలే తిరిగారు. లోగో బాగుంది, చిరునామా నమ్మకంగా ఉంది అనుకుంటూ చాలాసార్లు మోసపోయారు. నిజానిజాలు తేల్చేవాళ్లు మాత్రం కాసేపటికే ఆ పేజీ వదిలేసి వేరే ట్యాబ్‌లు తెరిచి, వీళ్లెవరని బయట వాకబు చేశారు. తక్కువ టైంలో సరైన జవాబుకొచ్చారు. అంటే ఇది ఫోన్‌తో వచ్చేదీ కాదు, పీహెచ్‌డీతో వచ్చేదీ కాదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాల్సిన అలవాటు.

టీచర్ చేయలేరా అంటే, చేయగలరు. కానీ ఎప్పుడు? సిలబస్ లాగుతూ నలభై మంది ప్రాజెక్టుల్లో ఒక్కో ఆధారాన్ని సరిచూడటానికి ఏ టీచర్‌కి టైం ఇచ్చాం మనం? ఇఫ్లా (అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య), యునెస్కో 1999లో స్కూల్ లైబ్రరీల మీద ఇచ్చిన ప్రకటనలో కూడా, టీచర్లూ లైబ్రేరియన్లూ కలిసి పనిచేసినప్పుడు పిల్లలు చదవడంలోనూ సమస్యలు పరిష్కరించడంలోనూ మెరుగవుతారనే ఉంది. టీచర్ బదులు లైబ్రేరియన్ అని ఎవరూ అనట్లేదు.

లెక్కల_సార్:

సరే సార్, రెండో ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నా. మొదటిది మాత్రం అలాగే ఉంచుతున్నా.

కేటలాగ్_కార్డు:

తాళాలు ఎవరి దగ్గరైనా ఉండొచ్చు అన్నదానికి ఇంకొక్క మాట. మీ సైన్స్ అరల్లో 523 దగ్గరికి, అంటే గ్రహాలు, నక్షత్రాల పుస్తకాలకి ఇచ్చే వర్గ సంఖ్య దగ్గరికి, వెళ్లి చూడండి మేడమ్. తొమ్మిది గ్రహాలున్న పుస్తకం ఒకటైనా ఉంటుందని నా నమ్మకం. ప్లూటోని 2006లోనే మరుగుజ్జు గ్రహం కింద వేరు చేశారు. మరి ఆ పుస్తకం ఇప్పటికీ అక్కడెందుకుంది? లైబ్రేరియన్‌ని క్లాసులకి తిప్పితే పాతవి ఏరి తీసేసే పని మొదట ఆగిపోతుంది. బయటికి కనిపించని పని కాబట్టి ఎవరూ అడగరు. బీరువా నిండుగానే ఉంటుంది, అందరికీ ముచ్చటగానే ఉంటుంది. తాళం ఉన్నవాళ్లు పుస్తకాల్ని కాపాడతారు. వాటిలో ఏది తీసేయాలో, ఏది కొనాలో తేల్చడానికి ఆ పని తెలిసినవాళ్లు కావాలి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు వాడకానికే అని, చివరిది లైబ్రరీ పెరుగుతూ ఉండే ప్రాణి అని.

కానీ మీటింగ్‌లో "నన్ను క్లాసులకి పంపారు కాబట్టి ఇవి ఉండిపోయాయి" అనొద్దు. నింద వేసినట్టుంటుంది. పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇలాంటివి ఏరడానికి నాకు టైం కావాలి సార్" అనండి, చాలు.

అట్టల_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. 523 దగ్గర ఒకటి కాదు, రెండున్నాయి. ఒకదాని మీద మా స్కూల్ ముద్ర కూడా మెరుస్తోంది.

తెరిచిన రోజుల సగటు కట్టాను. కొంచెం పెరిగింది కూడా, నేనే ఆశ్చర్యపోయాను. బయాలజీ మేడమ్‌ని అడిగితే కాపీ ప్రాజెక్టుల కట్ట మొత్తం ఇచ్చేశారు, "ఎవరో ఒకరు పట్టించుకున్నారు, అదే పదివేలు" అంటూ. అందులో పదకొండు ప్రాజెక్టుల్లో మొదటి పేరా అక్షరం పొల్లుపోకుండా ఒకటే, ఒకే అచ్చుతప్పుతో సహా. ఇప్పుడు ఒక పేజీ రాశాను, చూసి చెప్పండి:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. విద్యార్థి సమగ్ర వికాసంలో గ్రంథాలయం పాత్ర అందరికీ తెలిసిందే. జతచేసిన ప్రాజెక్టుల్లో పదకొండింటి మొదటి పేరా ఒకటే. బయాలజీ మేడమ్‌తో కలిసి ఎనిమిదో తరగతి తర్వాతి ప్రాజెక్టుకి లైబ్రరీలో మూడు పీరియడ్లు తీసుకుంటాను. మొదటిదాంట్లో పిల్లలు ఆధారాలు వెతుకుతారు, రెండోదాంట్లో వాటిని సరిచూస్తారు, మూడోదాంట్లో సొంత మాటల్లో రాస్తారు. ప్రతి ప్రాజెక్టూ మేడమ్ చేతికి వెళ్లేముందు దాని ఆధారాల జాబితా నేను చూస్తాను. టీచర్ రాని రోజున ఆ క్లాసుని లైబ్రరీకి పంపితే అక్కడే చూసుకుంటాను. ఇందుకు తమరి అనుమతి కోరుతున్నాను."

కేటలాగ్_కార్డు:

బాగుంది. బయాలజీ మేడమ్ కూడా మీటింగ్‌కి వస్తారేమో అడగండి. మీ గురించి మీరు చెప్పుకున్న పది మాటల కన్నా ఆమె చెప్పే ఒక్క మాట ఎక్కువ పనిచేస్తుంది.

మాజీ_హెచ్చెం:

రెండో వాక్యం కొట్టేయండమ్మా, అందరికీ తెలిసిందే అయితే మీరీ కాగితం రాసేవారే కాదు. అనుమతి కోరుతున్న వాక్యాన్ని పైకి తీసుకెళ్లి మొదట పెట్టండి. సగం చదివేసరికి ఆయనకి ఫోన్ వస్తుంది, అడిగింది ఏంటో అప్పటికే తెలిసుండాలి. "లైబ్రరీకి పంపితే" దగ్గర ఒకసారికి ఒక క్లాసే అని రాయండి, లేకపోతే మూడు క్లాసులు ఒకేసారి తోలేస్తాం మేము.

చివర "ఈ టర్మ్ అయ్యాక ఫలితం చూసి మళ్లీ నిర్ణయిద్దాం" అని ఒక లైను కలపండి. పోస్టు గురించి ఈ కాగితంలో ఒక్క ముక్క కూడా వద్దు. ఒక టర్మ్ చేసి చూద్దాం అంటే ఆయనే సంతకం పెట్టగలడు. పోస్టు సంగతి అంటే పైవాళ్లని అడగాలంటాడు, అప్పుడు మీ కాగితం వాళ్ల టేబుల్ మీదికి మీరు లేకుండా వెళ్తుంది. రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద సంతకం పెట్టించుకుని తెచ్చుకోండి.